దూకుడు వెనుకనున్న లెక్క

అరచేతి తెరపై సాగు బ్యాటిల్ రాయల్ పోటీలలో ఎదురు వెళ్ళి దాడి చేసిన దళమే ఒకమారు కిరీటము ధరించుచున్నది, వేరొకమారు అందరికంటె ముందు నేలగూలుచున్నది. ఆ రెండు గతులకు నడుమ ఉన్న భేదమెట్టిదో, అది ఎట్లు నేర్వదగినదో వివరించు కథనమిది.

2024 జూన్ 28 నుండి 30 వరకు హైదరాబాదు హైటెక్స్ ప్రదర్శనశాలలో బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా సిరీస్ తుదిపోటీలు జరిగినవి. వడపోతలన్నియు దాటివచ్చిన 16 దళములు, దళమునకు నలుగురు చొప్పున 64 మంది యువకులు, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకొని, చేతిలోని ఫోనుపై చూపు నిలిపి, మూడు దినములు పోరాడిరి. రెండు కోట్ల రూపాయల బహుమాననిధి గల ఆ పోటీలో టీమ్ ఎక్స్‌స్పార్క్ విజయము సాధించినది. అంతకు ఐదేండ్ల పూర్వము, 2019 మార్చిలో, ఈ క్రీడకు పూర్వరూపమైన పబ్జీ మొబైల్ ఇండియా సిరీస్ తుదిపోటీకిని హైదరాబాదే వేదికయైనది; నాడు గెలిచిన టీమ్ సోల్ పేరు మన కుర్రవాండ్ర నోట నేటికిని నానుచునే యున్నది. కావున ఇది ఎచ్చటనో పరదేశమున జరుగు వింత కాదు. మన హాస్టలు గదులలోను, డాబాలపైనను, టీకొట్ల బల్లల చుట్టును సాయంకాలములందు యువకుల సంభాషణమంతయు దీని చుట్టే తిరుగుచుండుట ఎవరైనను వినవచ్చును.

శత్రువు తలదాచుకొన్న చోటికే తాము నడచిపోయి, అతనిని అచ్చటనే నిర్మూలించుటకు ఈ యువకులు పెట్టుకొన్న పేరు రష్. చూచువారికి ఇది ఉడుకునెత్తురు చేయించు పనివలె గోచరించును. ఆటగాండ్రలోను అనేకులు అట్లే భావించి, అట్లే ఆడి, అట్లే ఓడుచున్నారు. ఉన్నతస్థాయి పోటీలను ఓపికతో పరిశీలించిన వారికి మాత్రము వేరొక సత్యము బోధపడును: జయప్రదమైన ఏ దాడినైనను విప్పి చూచినచో, మొదటి తూటా పేలుటకు ముందే అందులో సగము గెలుపు చేజిక్కి యుండును. ఎవరెచ్చట నున్నారో తెలిసికొనుట, ఎన్ని సెకన్ల వ్యవధి లభించునో లెక్కించుట, గెలిచిన పిదప ఎచ్చట నిలువవలెనో నిర్ణయించుట అను మూడు పనులు పూర్తియైన తరువాత మిగులునదే తుపాకి పని. ఆ మూడును లేని దూకుడు సాహసము కాదు; కనులు మూసికొని చేయు పందెము. ఈ వివేకమును మన యువకులకు చెప్పువారు కొరవడియున్నారన్న ఆవేదనయే ఈ వ్యాసమునకు కారణము.

క్రీడ పుట్టిన విధము

1999లో జపాను రచయిత కౌషున్ తకామి వెలువరించిన బ్యాటిల్ రాయల్ నవలయు, 2000లో కింజీ ఫుకసాకు దర్శకత్వమున వచ్చిన దాని చలనచిత్రమును ఈ క్రీడాజాతికి పేరును, మూలసూత్రమును ప్రసాదించినవి. పరిమితమైన స్థలము, తరిగిపోవు కాలము, తుదకు మిగులువాడొక్కడు అనునదే ఆ సూత్రము. ఐర్లాండు దేశస్థుడైన బ్రెండన్ గ్రీన్ దానిని తొలుత ఆర్మా అను యుద్ధక్రీడకు తన సొంత చేర్పుగా మలచి, పిదప దక్షిణకొరియా సంస్థతో కలిసి 2017లో పబ్జీగా లోకమునకు అందించెను. 2018 మార్చిలో అది ఫోనులోనికి దిగినది. 2017లోనే వెలువడిన గరీనా ఫ్రీ ఫైర్, 50 మందితో పది నిమిషముల ప్రాంతమున ముగిసిపోవు చిన్న సమరముగా, తక్కువ వెల ఫోనులున్న ఇండ్లలోనికిని ప్రవేశించినది.

మన దేశమున పబ్జీ మొబైల్ 2020 సెప్టెంబరు 2న నిషిద్ధమైనది. 2021 జూలైలో అది బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా, అనగా బీజీఎంఐ, అను పేర మరల వచ్చి, 2022 జూలైలో యాప్ దుకాణములనుండి తొలగి, 2023 మే నెలలో తిరిగి ప్రవేశించినది. ఇన్ని ఆటుపోటుల నడుమను ఆటగాండ్ర అభ్యాసము చెదరకపోవుటయే ఈ క్రీడకు మన యువతలో గల పట్టునకు నిదర్శనము.

ఆట స్వరూపము సులభగ్రాహ్యమే. విమానమునుండి రిక్తహస్తములతో ద్వీపముపైకి దిగిన ఆటగాండ్రు ఇండ్లలో దొరికిన ఆయుధములను, కవచములను, మందులను సేకరించుకొందురు. దీనినే లూట్ అందురు. ప్రధానరంగమైన ఎరాంగెల్ ఎనిమిది కిలోమీటర్ల పొడవు, ఎనిమిది కిలోమీటర్ల వెడల్పు గలది. దానిపై గీచిన వలయము కొన్ని నిమిషముల కొకమారు కుంచించుకొనుచు పోవును; వలయమునకు వెలుపల చిక్కినవాని ప్రాణము క్రమముగా క్షీణించును. సాధారణమైన ఆటలో 100 మంది దిగుదురు. పోటీలలో 64 మందియే. సంఖ్య తగ్గినకొలది ఆట తేలికయగునని తలచుట పొరపాటు. ఆ 64 మందిలో అనవసరముగా అడుగు బయటపెట్టువా డొక్కడునుండడు.

అంకెలు బోధించు నీతి

దూకుడు ఎంతవరకు లాభకరమో తెలియవలెనన్నచో ముందుగా పాయింట్ల పట్టికను చూడవలెను. ఇటీవలి పోటీలలో అనుసరించు పద్ధతి ప్రకారము ప్రథమస్థానమునకు 10, ద్వితీయమునకు 6, తృతీయమునకు 5, ఆపైన వరుసగా 4, 3, 2, ఏడవ ఎనిమిదవ స్థానములకు ఒక్కొక్కటి. తొమ్మిదవ స్థానమునుండి శూన్యము. నిర్మూలించిన ప్రతి శత్రువునకు, అనగా బీజీఎంఐ పరిభాషలో ప్రతి ఫినిష్‌కు, 1 పాయింటు. పూర్వపు పద్ధతిలో ప్రథమస్థానమునకు 15 పాయింట్లుండెడివి. స్థానముల విలువ తగ్గి ఫినిష్ విలువ అట్లే నిలుచుటచేత, మొత్తము లెక్కలో పోరాటము వాటా పెరిగినది.

ఒక దళము ఆసాంతము పొదలలో దాగి, ఒక్క తూటాయైనను పేల్చక, ద్వితీయస్థానమున నిలిచినదనుకొందము. దానికి దక్కునవి 6 పాయింట్లు. వేరొక దళము రెండు శత్రుదళములను పూర్తిగా తుడిచిపెట్టి, తరువాత తానును తొమ్మిదవ స్థానముననే రాలిపోయినదనుకొందము; దానికి 8 పాయింట్లు. కేవలము దాగియుండుట గెలుపుబాట కాదని ఈ అంకెలే చాటుచున్నవి. అయితే ఇందులోనే వేరొక నీతియు ఇమిడియున్నది. పది ఫినిష్‌లతో ప్రథమస్థానము పొందిన దళమునకు 20 పాయింట్లు వచ్చును. అవి దాడిచేసినవానికి మాత్రమే దక్కవు, దాగినవానికి మాత్రమే దక్కవు. దాడిచేసి బ్రతికినవానికి దక్కును. మూడు దినములు, 18 ఆటలు సాగు తుదిసమరమున ఒక ఆటలో మెరసి, తక్కిన ఆటలలో ఆదిలోనే ఆరిపోవు దళము పట్టికలో పైకి ప్రాకజాలదు. సంకోచించువానిని పట్టిక శిక్షించును. తొందరపడువానిని అంతకంటె త్వరగా శిక్షించును.

గోడ చాటు కన్నును, కదలువాని ముందుచూపును

ఈ క్రీడలోని దాడినీతి యంతయు రెండు విరుద్ధధర్మముల సంఘర్షణమునుండి జనించుచున్నది. మొదటిది దృష్టికి సంబంధించినది. ఫోనుపై జరుగు పోటీలలో ఆటగాడు తన పాత్రను వెనుకనుండి, భుజము మీదుగా చూచును. కావున గోడ చాటున నిలిచినవాడు తల బయటపెట్టకయే గోడ కావలివైపును చూడగలడు. మెట్లపై కూర్చున్నవానికి పైకెక్కివచ్చు శత్రువు కనబడును. ఎక్కివచ్చువానికి అతడు కనబడడు. ఈ ధర్మము నిలిచియున్న వానికి అనుకూలము. ఇంటిలోనికి దూకిన అనుభవహీనులలో పలువురు గుమ్మములోనే కూలుటకు కారణమిదియే.

రెండవధర్మము కాలమునకు సంబంధించినది. నా ఫోనులో నేనొక అడుగు వేసినచో, ఆ వార్త సర్వరునకు పోయి, అచ్చటినుండి ప్రత్యర్థి ఫోనునకు చేరుటకు కొన్ని మిల్లీసెకన్లు పట్టును. గోడ చాటునుండి నేను అకస్మాత్తుగా బయటికి వచ్చునప్పుడు, నిశ్చలముగా నిలిచియున్న ప్రత్యర్థి నాకు తత్క్షణమే కనబడును; నేను బయటికి వచ్చితినన్న సంగతి ఆతనికి చేరుటకు మాత్రము ఆ స్వల్పవ్యవధి కావలసియుండును. మానవుని ప్రతిక్రియయే సెకనులో నాల్గవవంతు ప్రాంతమున నుండగా, అందులో చిన్నభాగము ముందుగా లభించుటయు ప్రాణప్రదమే. ఈ ధర్మము కదలువానికి అనుకూలము.

దృష్టి నిలిచినవానిదియు, కాలము కదలువానిదియు అయినపుడు, దాడిచేయువాడు చేయవలసిన పనియేమి? నిలిచినవానిని ఆ చోటునుండి కదలించుట. దానికై ఉన్నవే బాంబులు. తలుపు తన్నుటకు ముందు చేతిబాంబు, మంటసీసా పడవలెనని నేర్పరులు పట్టుపట్టుటలోని మర్మమిదియే. చేతిబాంబు పిన్ను లాగినది మొదలు పేలువరకు సుమారు ఐదు సెకన్లు పట్టును. తొందరలో వెంటనే విసరినచో లోపలివాడు దాని చప్పుడు విని ప్రక్కగదికి తప్పుకొనును. మూడు సెకన్లు చేతనే యుంచుకొని విసరినచో తప్పుకొనుటకు వానికి వ్యవధి చాలదు. మంటసీసా పని వేరు. అది చంపుటకంటె తరుముటకే ఎక్కువ ఉపయోగపడును. మూల నంటిపెట్టుకొని కూర్చున్నవాడు మంటకు తాళలేక లేచి కదలును. అతడు కదలిన క్షణముననే దృష్టిబలము అతనిని విడిచిపోవును, కాలబలము దాడిచేయువానిని చేరును. అప్పుడు ఇద్దరు రెండు దారులనుండి, ఒకడు తలుపునుండి, వేరొకడు కిటికీనుండి, ఒకే క్షణమున ప్రవేశించినచో లోపలివాని తుపాకి ఎటు తిరిగినను అతని వీపు ఒకనికి దొరకక తప్పదు. పొగబాంబు వీనికన్న శాంతమైనది. ఇంటికిని ఇంటికిని నడుమనున్న బయలును దాటుటకు అది తాత్కాలికమైన గోడ. సంచిలో తూటాలు నిండుగానుండి పొగబాంబు ఒక్కటియు లేని దళము దాడికి సిద్ధమైనట్లు కాదు.

నాక్ పడిన తరువాతి పది సెకన్లు

ఎప్పుడు దూకవలెనను ప్రశ్నకు ఈ క్రీడలో ఉన్నంత స్పష్టమైన సమాధానము తక్కిన క్రీడలలో అరుదు. నలుగురు గల దళమున తూటాల దెబ్బకు ప్రాణబలము ఉడిగినవాడు వెంటనే చావడు. మోకాళ్ళపై ప్రాకుచు సహాయమునకై ఎదురుచూచును. దీనిని నాక్ అందురు. సహచరుడు ప్రక్కన కూర్చుండి సుమారు పది సెకన్లు శ్రమించినచో అతడు తిరిగి లేచును. ఈ పది సెకన్లే దాడికి ముహూర్తము.

నలుగురితో నలుగురు తలపడుట సమానయుద్ధము. దూరమునుండి ఒకనిని నాక్ చేసినచో ఎదుట ముగ్గురు మిగులుదురు. ఆ ముగ్గురిలో ఒకడు పడినవానిని లేపుటకు కూర్చున్నచో అతని చేత తుపాకి లేదు. కావున ఆ పది సెకన్లు ఎదుట నిలువగలవారు ఇద్దరే. నలుగురు ఇద్దరిపై పడు ఈ అవకాశము తానై రాదు, తెచ్చుకొన్నను నిలువదు. పదకొండవ సెకనున యుద్ధము మరల సమానమగును. కావుననే ఉత్తమదళములలో దూరపుగురికాడు "నాక్" అని పలికిన మాట ముగియకమున్నే తక్కిన ముగ్గురు కదలుచుందురు. ఆ ఇంటికి చేరుటకు తమకు పదునైదు సెకన్లు పట్టునని తెలిసిన నాయకుడు ఆ దాడిని ఆజ్ఞాపింపడు. ముందుగా దగ్గరి చాటునకు దళమును జరిపి, తరువాతనే నాక్ కొరకు ప్రయత్నింపజేయును. నాక్ పడిన పిదప దూరము కొలుచుకొనువాడు ఆలసించినవాడే.

ఇదే సూత్రమును తిరుగవేసి చూచినచో ఆత్మరక్షణ బోధపడును. మనవాడు నాక్ అయినపుడు వెంటనే వానిపై వంగుట సహజమైన ప్రేమ, ప్రమాదకరమైన ప్రేమయును. ముందు పొగ వేసి, ఇద్దరు ద్వారములకు గురిపెట్టి నిలిచిన పిదపనే లేపుటకు కూర్చుండవలెను. ఎదుటివారు రష్‌కు వచ్చుచున్నారని అడుగుల చప్పుడు చెప్పుచున్నచో, పడినవానిని ఆ పూటకు వదలి, వచ్చువారిని ఎదుర్కొనుటయే ధర్మము.

నలుగురి ఊపిరి ఒక్కటిగా

దళమున నలుగురికిని పని ఒక్కటి కాదు. ఆటనంతయు మనస్సున పటముగా నిలుపుకొని ఆజ్ఞలిచ్చువాడు ఐజీఎల్. మొదట గుమ్మము దాటువాడు ఎంట్రీ ఫ్రాగర్. అతనికి బాంబులతోను, ప్రక్క కాల్పులతోను తోడ్పడువాడు సపోర్ట్. దూరమునుండి కన్నువేసి వార్తలు తెచ్చువాడు స్కౌట్. గుమ్మము దాటువాని పేరు అందరి నోట వినబడును. కాని అతని ఆయువు రెండవవాని చేతిలో నుండును. మొదటివాడు పడినచో, పడగొట్టినవాడు మరల తూటాలు నింపుకొనులోగా రెండవవాడు వానిని పడగొట్టవలెను. దీనిని ట్రేడ్ అందురు. మొదటివానికిని రెండవవానికిని నడుమ దూరము రెండు మూడు అడుగులకు మించినచో ఆ ప్రతిక్రియ జరుగదు; ఒకరి వెనుక ఒకరుగా విడివిడిగా వచ్చి నలుగురును ఒక్కని చేతనే హతులగుదురు.

మన భారతకథ ఈ సత్యమును ఎప్పుడో చూపినది. పద్మవ్యూహమున అభిమన్యుని పతనమునకు అతనికి వెలికివచ్చు ఉపాయము తెలియకపోవుటనే మనము కారణముగా చెప్పుకొనుచుందుము. అతడు చేయవలసిన పనిని అతడు చేసెను. వ్యూహమును భేదించి దారి తెరచెను. ఆ దారి వెంట భీమాదులు లోనికి రావలసియుండగా సైంధవుడు వారిని ద్వారముననే నిలిపివేసెను. ముందు దూకినవాని పరాక్రమమునందు లోపము లేదు, వెనుకవారు అందుకొనలేకపోయిరి. బ్యాటిల్ రాయల్ పోటీల దృశ్యములను మరల వేసికొని చూచుకొను ఏ దళమైనను తన ఓటములలో ఈ కథనే పలుమారులు గుర్తించును. ఎంట్రీ ఫ్రాగర్ దుందుడుకువాడని నిందించుటకు ముందు ఆ క్షణమున సపోర్ట్ ఎచ్చట నుండెనో చూడుట న్యాయము.

2020, 2021 సంవత్సరముల పబ్జీ మొబైల్ గ్లోబల్ ఛాంపియన్‌షిప్‌లను వరుసగా గెలిచిన చైనా దళము నోవా ఈస్పోర్ట్స్‌ను లోకము దూకుడునకు ప్రతీకగా కొనియాడినది. అందులోని పారాబాయ్ దగ్గరిపోరులో చూపిన చేతివేగమును అనుకరింపని యువకుడు ఆ దినములలో అరుదు. అనుకరించినవారిలో అధికులు చేతివేగమునే చూచిరి. ఆ వేగమునకు చోటు కల్పించిన సహచరుల స్థానములను, వారు పలికిన పొడిపొడి మాటలను, వారు పట్టియుంచిన ద్వారములను పరిశీలించినవారు కొందరే. దాడి నడుచుచుండగా దళమున నాలుగు రకముల మాటలే వినబడవలెను: శత్రువు ఎచ్చట, ఎందరు, ఎంత గాయపడెను, నేనెటు పోవుచున్నాను. "అరె, వీడెక్కడినుంచి వచ్చాడురా" అను ఆశ్చర్యమునకు ఆ సెకన్లలో తావు లేదు. ఆ కేక చాటున ఒక అడుగుల చప్పుడు వినబడక పోవచ్చును.

యానమునకు వేళ, ఆసనమునకు వేళ

అర్థశాస్త్రము ఏడవ అధికరణమున కౌటిల్యుడు సంధి, విగ్రహము, ఆసనము, యానము, సంశ్రయము, ద్వైధీభావము అను ఆరు గుణములను వివరించెను. ఇతర దళముతో లోపాయికారిగా కూడియాడుట పోటీలలో నిషిద్ధము గావున సంధికిని, సంశ్రయమునకును, ఒకనితో సంధి వేరొకనితో విగ్రహమగు ద్వైధీభావమునకును ఇచ్చట చోటు లేదు. తక్కినవి మాత్రము నేటి ఐజీఎల్ దినచర్యయే. తన బలము మిక్కుటమైనపుడు కదలి దాడి చేయుట యానము. ఒకరినొకరు తుదముట్టింపజాలని స్థితిలో ఊరక నిలుచుట ఆసనము. నిలుచుటయు ఒక వ్యూహమేనని, అది పిరికితనము కాదని గ్రహించినవానికే దూకుట సార్థకమగును.

ఆట ఆరంభమున, ఎరాంగెల్ రంగములోని పొచింకి, జార్జోపోల్, స్కూల్, మిలిటరీ బేస్ వంటి సమృద్ధస్థలములపై పలు దళములు ఒక్కసారిగా దిగుటను హాట్ డ్రాప్ అందురు. సాధారణమైన ఆటలో చేతులు చురుకగుటకు ఇది మంచి అభ్యాసము. పోటీలలో మాత్రము ఎవరి చేతను ఆయుధము లేని ఆ వేళ గెలుపోటములను దొరికిన తుపాకియే నిర్ణయించును, నేర్పు కాదు. అందుచేత ప్రౌఢదళములు తమకొక దిగుడుచోటును స్థిరపరచుకొని, దానికై ఎవరైన పోటీకి వచ్చినపుడే ఆరంభయుద్ధమునకు దిగును. అట్టి సవాలును ఒకమారు కఠినముగా తిప్పికొట్టినచో తక్కిన ఆటలలో ఆ చోటు నిష్కంటకమగును.

నడిమిభాగము దూకుడునకు పంటకాలము. వలయము కుంచించుకొనుచుండగా దళములు వాహనములెక్కి కదలక తప్పదు. కదలువారికి గోడ లేదు. మిలిటరీ బేస్ గల దక్షిణద్వీపమును ప్రధానభూమితో కలుపునవి రెండే వంతెనలు. వలయము ద్వీపము నాశ్రయించినపుడు ఆ వంతెనల చివరలు పట్టినవారు పలువురి దారి మూయగలరు. వలయపు అంచున ఒక దిబ్బనో ఇంటినో ముందుగా ఆక్రమించి, వెనుకనుండి నీలిజోన్, అనగా వలయపు వెలుపలి ప్రమాదభూమి, తరుముచుండగా వచ్చువారిని నిలువరించుట ఇట్టిదే. ఎదుటివాడు రెండు శత్రువులతో, అనగా తూటాతోను కాలముతోను, ఏకకాలమున పోరాడవలసివచ్చునట్లు చేయుటయే ఇందలి నీతి.

రెండు దళములు పోరాడుచుండగా మూడవదళము వచ్చిపడుట థర్డ్ పార్టీ. ఇది అన్ని దాడులలోను ఫలవంతమైనది, అన్నిటికంటె ఎక్కువ సంయమనము కోరునది. తుపాకుల మ్రోత వినబడిన వెంటనే పరుగెత్తినచో ఇరువురును నిండుబలముతో నుందురు. మరీ ఆలసించినచో గెలిచినవాడు మందులు వాడుకొని, కవచము మార్చుకొని కూర్చుండును. నాక్ వార్తలు తెరపై కనబడుచుండగా వానిని లెక్కించుచు, ఒకవైపు ఇద్దరో ముగ్గురో మిగిలిన ఘడియను పట్టుకొనవలెను. ఈ సూత్రము మనకును వర్తించును. ఒక దళమును తుడిచిపెట్టిన సంతోషమున వారు విడిచిన సామగ్రి పెట్టెలపై నలుగురును వంగి లూట్ చేయుచున్నచో, రాబోవు మూడవదళమునకు మనమే విందు. ఇద్దరు కాపలా నిలువ, ఇద్దరు ఏరుకొనవలెను; అదియు కొద్ది సెకన్లలో ముగియవలెను. చెడుగుడులో ప్రత్యర్థిని తాకుటతో కూతగాని పని ముగియదు, గీత దాటి తిరిగి వచ్చినపుడే పాయింటు. రష్‌లోను అంతే.

అంతిమవలయములలో దళములు దగ్గరదగ్గరగా ఇరుకుకొని యుండగా, ఒకరిపై చేసిన దాడి తక్కిన అందరికి మన వీపును చూపును. అక్కడ దూకుడునకు ఒక్కటే కొలత: ఆ శత్రువును తీసివేసినచో మనకొక మంచి చోటు దొరకునా? దొరకునన్నచో దూకవలెను. ఒక్క పాయింటు మాత్రమే దొరకునన్నచో ఆగవలెను.

చేతికి వచ్చు విద్య

బుద్ధి నిర్ణయించినదానిని చేయి నెరవేర్చవలెను. రెండు బొటనవ్రేళ్ళతో ఆడువాడు పరుగెత్తుచు గురిచూచి కాల్చలేడు గావున, చూపుడువ్రేళ్ళనుగూడ తెరపై నిలిపి నాలుగు వ్రేళ్ళతో ఆడు క్లా పద్ధతిని పోటీదారులు అభ్యసింతురు. ఫోనును వంచుటచేతనే గురిని సవరించు జైరోస్కోపును అలవరచుకొందురు. పేలుచున్న తుపాకి పైకి లేచుటను క్రిందికి లాగి అదుపుచేయుటకు నిత్యాభ్యాసమే శరణ్యము. ఇంటిలోపలి పోరులో డీబీఎస్ వంటి షాట్‌గన్, నడిమిదూరమున ఎం416 వంటి రైఫిలు మేలని అందరెరుగుదురు; అయితే నెలకొక సెన్సిటివిటీని, అనగా గురి కదలు వేగపు అమరికను, ఇతరులనుండి అరువు తెచ్చుకొనువానికి ఏ ఆయుధమును వశము కాదు. ఒక్క అమరికను పట్టుకొని, ఒక్క తుపాకిని సాధించి, చెవికి మంచి హెడ్‌ఫోను తగిలించుకొనుటయే మేలు. అడుగుల చప్పుడు కుడినుండియో ఎడమనుండియో, పై అంతస్తునుండియో చెప్పగల చెవి, దాడికి కన్నుకంటె ముందు పనిచేయు ఇంద్రియము.

దూకుడునకు హద్దు

దూకుడునకు గల శత్రువులలో ప్రథముడు రోషము. తనను నాక్ చేసినవానిపై పగతీర్చుకొనుటకై మరల అదే తలుపున దూకుట, పడి ప్రాకుచున్నవానిని ఫినిష్ చేయవలెనన్న ఆశతో చాటు విడుచుట, క్రితము ఆట ఓడిన ఉక్రోషమును తరువాతి ఆటలోనికి మోసికొనిపోవుట, ఇవియన్నియు చేయు చేటు ఒక్కటియే. రెండవశత్రువు మోసము. గోడల కావల నున్నవారిని చూపు దొంగ సాఫ్ట్‌వేరులతో పొందిన ఫినిష్‌లు ఏ విద్యయు నేర్పవు. పట్టుబడినవాని ఖాతాయు పరువును రెండును పోవును. మూడవశత్రువు అలసట. నిద్రమాని తెల్లవారుజామువరకు ఆడినవాని ప్రతిక్రియ మందగించును. ఏ కొద్ది మిల్లీసెకన్ల మేలుకొరకు ఇంత శాస్త్రము పుట్టినదో, దానిని అతడు ఆడుటకు కూర్చుండకమున్నే పోగొట్టుకొనుచున్నాడు. 2023లో బీజీఎంఐ తిరిగివచ్చినపుడు పదునెనిమిదేండ్లలోపు వారికి దినమునకు మూడు గంటలు, తక్కినవారికి ఆరు గంటలు అని హద్దు పెట్టుట పరీక్షలు, పాఠములు ఎదురుగా నున్న బాలుర మేలునకే కాదు, ఆట మేలునకును.

హింసను గూర్చి పెద్దలు వెలిబుచ్చు సంశయము త్రోసివేయదగినది కాదు. 2023లో చైనాలోని హాంగ్‌జౌ నగరమున జరిగిన ఆసియా క్రీడలలో ఈ ఆటను చేర్చినపుడు, ఆటగాండ్రు ఒకరినొకరు కాల్చుకొనుటను తొలగించి, వాహనములపై పరుగుతీయుచు గురిపలకలను కొట్టు పోటీగా మార్చిరి. స్వర్ణము చైనాకు దక్కినది. శత్రువు లేనప్పుడును జట్టుసమన్వయము, దారి ఎన్నిక, కాలపు లెక్క మిగిలియే యున్నవి. ఈ విద్యలో సారము చంపుటయందు లేదనుటకు అది చాలిన సాక్ష్యము. మన ప్రభుత్వమును 2022 డిసెంబరులో ఈస్పోర్ట్స్‌ను యువజన, క్రీడా మంత్రిత్వశాఖ పరిధిలోనికి తెచ్చినది. 2025 ఆగస్టులో చేసిన చట్టము డబ్బు పందెముల ఆన్‌లైన్ ఆటలను నిషేధించుచునే, నైపుణ్యపోటీగా ఈస్పోర్ట్స్‌ను గుర్తించినది. ఈ రెంటికి గల భేదమును ఇండ్లలోను గుర్తింపవలసిన కాలము వచ్చినది.

అందుకొక సులభమైన మార్గము కలదు. కుమారుడు ఆడిన ఆట రికార్డింగును తండ్రి అతని ప్రక్కన కూర్చుండి ఒక పది నిమిషములు చూచి, "అక్కడ ఎందుకు రష్ చేశావు నాన్నా?" అని అడుగవలెను. "కోపమొచ్చింది" అనియో, "ఊరికే" అనియో బదులు వచ్చినచో, ఆ బాలుడు ఇంకను ఆటచేత ఆడింపబడుచున్నాడు. ఫోను ప్రక్కన పెట్టి విశ్రమింపుమని చెప్పుటకు తండ్రికి హక్కు కలదు. "వాళ్ళలో ఒకడు నాక్ అయ్యాడు, ఇంకొకడు లేపుతున్నాడు, మాకు పది సెకన్లున్నాయి, లోపలికి పోతే ఆ ఇల్లు మాదవుతుంది" అని చెప్పగలిగినచో, పరిశీలన, గణన, సహచరులపై నమ్మకము, ఫలితమునకు బాధ్యత అను నాలుగును అతనికి అలవడుచున్నవి. అట్టివాడు ఆ ఆటలో ఓడియున్నను తండ్రి సంతోషింపవచ్చును. మన కళాశాలలు చదరంగమునకు, క్రికెట్టునకు శిక్షకులను నియమించినట్లే ఈ క్రీడకును ఆటను విప్పిచెప్పగల శిక్షకులను నియమించి, నియతకాలమున, నియతస్థలమున అభ్యాసము చేయించినచో, మన యువకుల దూకుడు వట్టి ఉద్వేగముగా వ్యర్థము కాక, కారణము చెప్పగల నిర్ణయముగా పరిణమించును. ఆ నిర్ణయశక్తి ఫోను మూసిన పిదపను వారి వెంటనే యుండును.